రింగు కింద పసుపు

సీసా మెడ దగ్గర, అల్యూమినియం రింగు అంచు కింద, వెంట్రుకంత సన్నని పసుపు గీత ఉంది.

యాదగిరి దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. మూత తీయని సీసా. లోపల నీళ్ళలాంటి మందు. ఈ ఉదయం సారిక చేతి నరంలోకి ఎక్కాల్సిన, బయట కొని తెచ్చిన కీమో మందు అది. ఇలాంటివే మూడు విడతలు ఆమె ఒంట్లోకి ఇదివరకే వెళ్ళాయి. గడ్డ మాత్రం గోరంత కూడా తగ్గలేదు. అనుమానం వచ్చిన డాక్టరమ్మ పోయినసారి సీసాలో మిగిలిన చుక్కల్ని ల్యాబుకు పంపింది. నిన్న సాయంత్రం జవాబు వచ్చింది. ఉప్పునీళ్ళు.

సారిక గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుని ఉంది. ముప్పై దాటని మనిషి. సోలాపూర్ దాజీ పేట్‌లో టవల్ మగ్గాలు నడిపే నితిన్ భార్య. డాక్టరమ్మ ఆమెకు రెండే మాటలు చెప్పింది. ఇవాళ అసలు మందు మొదలుపెడితే ఆశ ఉంది. ఇంకో విడత నీళ్ళు ఎక్కితే గడ్డ చంక దాటుతుంది, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదు. ఆసుపత్రి సొంత మందు కింది అంతస్తు నుంచి పైకి రావాలి. సారిక తల ఊపింది. ఆ తల ఊపడంలో ఒప్పుకోలు ఉందో లేదో తెలియలేదు.

నితిన్, డాక్టరమ్మ కాక గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు మంగళ, ఈ గది నర్సు. తెచ్చిన మందు మార్చి నీళ్ళు పెట్టిందన్న నేరం ఆమె మీద పడింది. ఊళ్ళో ఇలాంటి చిక్కులు విప్పే మనిషని పొద్దున యాదగిరికి ఫోన్ చేసింది ఆమే. నాలుగేళ్ళ కింద యాదగిరి భార్య ఇదే వరసలో మూడో కుర్చీలో కూర్చుని కీమో ఎక్కించుకుంది. వాంతులైన ప్రతిసారీ గిన్నె పట్టింది మంగళ. ఇవాళ ఆ భార్య ఇంట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. యాదగిరి ఫోన్‌లో ఏమీ అడగలేదు. వస్తున్నానని చెప్పి వచ్చాడు.

రెండో మనిషి భరత్. మందు తయారుచేసే కంపెనీ పంపిన పుణె డిటెక్టివ్. పుట్టింది సోలాపూర్‌లోనే, కానీ పదేళ్ళ పుణె నీళ్ళకు చొక్కా ప్యాంటులోకి దోపుకోవడం అలవాటైంది. నకిలీ సీసాల కోసం నెల రోజులుగా ఊళ్ళో తిరుగుతున్నాడు.

"గది తాళం ఈమె దగ్గర్నే. ఫ్రిజ్ తాళం ఈమె దగ్గర్నే. ఇంక నువ్వేం జూస్తున్నవ్ యాదగిరన్నా, సీసకు జాతకమా?" అన్నాడు భరత్.

యాదగిరి నితిన్ వైపు చెయ్యి చాచి సున్నం డబ్బీ అడిగాడు. నితిన్ కాసేపు తటపటాయించి జేబులోంచి తీసిచ్చాడు. తంబాకు మానేశానని భార్యకు చెప్పి మూణ్ణెల్లయింది. సారిక అతని వైపు చూసింది.

యాదగిరి గుండుసూది కొనతో పిసరంత సున్నం తీసి ఆ గీతకు అంటించాడు. గీత ఎర్రబడింది.

"పసుపు," అన్నాడు.

పసుపైతే మరీ మంచిదన్నాడు భరత్. నర్సుల ఇళ్ళల్లో హళ్ది-కుంకూ పేరంటం జరగని వారం లేదు. వేళ్ళకు పసుపుండగానే ఈమె సీసా పట్టుకుంది, అంతే.

విడతకు రెండు సీసాలు. రెండోది నితిన్ సంచిలో సీలుతో భద్రంగా ఉంది. అది సాక్ష్యానికి అలాగే ఉంచి, మొదటిదాని రింగు కోస్తానని యాదగిరి చెప్పాడు. డాక్టరమ్మ సరేనంది. భరత్ ఒప్పుకోలేదు, సీలు తీస్తే కోర్టులో నిలవదన్నాడు. అయితే ఫోన్‌లో వీడియో తీస్తూ ఉండమన్నాడు యాదగిరి. భరత్ సణుగుతూనే ఫోన్ పట్టాడు.

మంగళ చిన్న కత్తెర ఇచ్చింది. రింగు రెండు ముక్కలై మూతతో సహా ఊడింది. కింద సీసా పెదవి చుట్టూ పసుపు ఎండి అట్టకట్టి ఉంది. రబ్బరు బిరడా నడుమ ఒక పాత సూది గాటు. మూత తెరవని సీసాకు సూది గాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"పసుపు ముందంటింది. రింగు తర్వాత పడ్డది," అన్నాడు యాదగిరి. "సిస్టర్ చేతికొచ్చేసరికి రింగు పైన్నే ఉన్నది. దాని కిందికి ఆమె వేలు పోదు. వాడి పడేసిన సీసల ఎవరో నీళ్ళు నింపి కొత్త మూత కొట్టిండ్రు."

మంగళ కళ్ళు తుడుచుకుని చేతులు జోడించింది. యాదగిరి ఆ జోడించిన చేతుల్ని కిందికి దించాడు. నాలుగేళ్ళ కింద తాను జోడిస్తే ఆమె కూడా అలాగే దించింది.

భరత్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకోలేదు కానీ మంగళ పేరు మళ్ళీ ఎత్తలేదు. ఇంకో మాట ఎత్తాడు. ఈ సంగతి గది దాటకూడదన్నాడు. పోయినేడు ఇంకో ఊళ్ళో ఇలాంటిదే టీవీలో వచ్చింది. మర్నాటికి కీమో గది సగం ఖాళీ అయింది. అసలు మందు ఎక్కించుకుంటున్నవాళ్ళు కూడా పారిపోయారు. ఇప్పటికే రోజూ రాత్రి టీవీలో నలుగురు కూర్చుని కీమో బతికిస్తుందా చంపుతుందా అని కొట్టుకుంటున్నారు. ఫోన్లలో కషాయాల వీడియోలు తిరుగుతున్నాయి. దాంట్లో ఈ నిప్పు వేస్తే ఏం మిగులుతుంది?

"తెలిస్తె పారిపోతరు, ఒప్పుకుంట. తెల్వకుంటె నీళ్ళెక్కించుకుంటరు. రెండిట్ల ఏది మంచిదో ఈమెకు చెప్పు," అని యాదగిరి సారికను చూపించాడు.

భరత్ సారిక వైపు చూడలేకపోయాడు. "సాయంత్రం దాక టైమియ్యి. దొంగ దొరికినంక చెప్పుదం," అన్నాడు.

"సాయంత్రానికి ఇంకెవరికి ఎక్కుతదో నీకెర్క లేదు, నాకెర్క లేదు."

"నువ్వు ఊరోనివి అన్నా. పేపరోళ్ళ సంగతి నీకేం తెల్సు?"

"పేషెంట్ల సంగతి ఎర్కే."

భరత్ తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

యాదగిరి నితిన్‌ను అడగడం మొదలుపెట్టాడు. సీసాలు ఎవరిచ్చారు? రాజారాం కాకా. ఇదివరకు మందుల దుకాణంలో పనిచేసేవాడు, ఇప్పుడు రోగులకు సేవ చేస్తున్నాడు. ముంబైలో ఎవరో దాతల దగ్గర సగం ధరకు మందు ఇప్పిస్తాడు. ఇవాళ ఎక్కడ ఇచ్చాడు? పొద్దున ఎనిమిదింటికి మగ్గాల షెడ్డు ముందర, మంచు పెట్టిన డబ్బాలోంచి తీసి. వాడిన సీసాలు ఏం చేస్తారు? కాకాకు తిరిగి ఇవ్వాలి. పాతవి వాపసు వస్తేనే ముంబైవాళ్ళు కొత్తవి ఇస్తారని చెప్పాడు. మీరు ఎప్పుడైనా పసుపు పెట్టారా? లేదు. సంచిలో వేసి అట్లాగే ఇచ్చేవాళ్ళం.

అప్పటిదాకా మాట్లాడని సారిక మాట్లాడింది.

"కాకాను ఏమనకుండ్రి అన్నా. దేవుడసొంటోడు. ఆస్పత్రి మందుకు అందరు కక్కుకుంటరు, జుట్టూడుతది. కాకా తెచ్చినదానికి నాకు ఒక్కనాడు వాంతి కాలే. జడ జూడుండ్రి, ఎట్లున్నదో. మా గల్లీల అందరు గదే మంచి మందని అంటున్నరు."

ఆమె జడను ముందుకు వేసుకుంది. నల్లగా, బరువుగా, నడుము దాకా ఉంది. మంగళ ముఖం పక్కకు తిప్పుకుంది. డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుని, జుట్టు ఎందుకు రాలలేదో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. సారిక వింటూనే ఉంది. చేతులు మాత్రం జడను వదల్లేదు.

యాదగిరి మంగళను వరండాలోకి తీసుకెళ్ళి ఒకటే అడిగాడు. మందు సీసాకు పసుపు పెట్టే మనిషి ఎవరై ఉంటారు?

మంగళ కళ్ళు మూసుకుని ఒక్కొక్క కుర్చీనీ గుర్తు చేసుకుంది. మందు అయిపోయాక ఖాళీ సీసాను రెండు చేతులతో కళ్ళకద్దుకుని కొంగున కట్టుకునే మనిషి ఒకామె ఉండేది. బీడీల సుశీల. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటుంది. ఆమె విడతలు అయిపోయి కొన్ని నెలలైంది. బాగైపోయింది.

*

నితిన్ బండి నడిపాడు. యాదగిరి వెనక కూర్చున్నాడు. దారిలో నితిన్ ఒక్కసారి మాత్రం అడిగాడు, ఆ మూడు విడతల కాలం మళ్ళీ వస్తుందా అని. యాదగిరి అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

సుశీల గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, పక్కన తడిగుడ్డలో ఆకు. తల మీద జుట్టు మగపిల్లాడి క్రాపంత ఉంది, మెత్తగా ఉంగరాలు తిరిగి. గడప మీద కత్తెరకు బొట్టు పెట్టి ఉంది.

యాదగిరి తానెవరో చెప్పి నేల మీదే కూర్చున్నాడు. సీసాల మాట ఎత్తలేదు. ఒంట్లో ఎట్లా ఉందని అడిగాడు. ఆమె ముఖం వెలిగింది. డాక్టరమ్మ మొన్న చూసి గడ్డ జాడ కూడా లేదన్నదట. పగలంతా కూర్చుని చుట్టినా వేళ్ళు తిమ్మిరెక్కడం తగ్గిందట. అదంతా ఆ మందు ఉపకారం అంది.

"మందుకు మొక్కినవా అక్కా?"

"మొక్కనా మరి? దసర ముందటి ఖండే నవమికి మీరు మగ్గానికి పసుపు వెడ్తరు. నేను కత్తెరకు, చాటకు వెడ్త. అన్నం వెట్టేదానికి వెట్టినప్పుడు పానం వోసినదానికి వెట్టొద్దా?" ఆమె చుట్టడం ఆపలేదు. "ప్రతి సీసను దేవుని గూట్ల ఒక్క రాత్రి వెట్టేదాన్ని. పసుపు తడిపి మెడ సుట్టు రాసేది, కుంకుమ బొట్టు వెట్టేది. పొద్దుగాల కాకా వచ్చి తీస్కవోయేటోడు. కడిగి ఇయ్యరాదా అని నవ్వెటోడు."

యాదగిరి లోపలికి వెళ్ళి గూడు చూశాడు. గణపతి పటం, మార్కండేయుడి పటం, ఇత్తడి దీపం. పటాల ముందు చెక్క మీద గుండ్రటి మరకలు, పసుపువి, వరసగా. జేబులోంచి సీసా తీసి ఒక మరక మీద నిలబెట్టాడు. సీసా అడుగు మరకలో అతికినట్టు కూర్చుంది. నితిన్ గుమ్మంలో నిలబడి అది చూసి తలుపు చట్రం పట్టుకున్నాడు.

బయటికి వచ్చి యాదగిరి అంతా చెప్పాడు. తక్కువ మాటల్లో చెప్పాడు, కానీ ఏదీ దాచలేదు. రాజారాం నీకు అసలు మందే ఇచ్చాడక్కా. నువ్వు బాగైతేనే నలుగురూ అతన్ని నమ్ముతారు. నీ సీసాలు ఖాళీ అయ్యాక వాటిలో నీళ్ళు నింపి ఇతని భార్యకు ఇచ్చాడు.

సుశీల చేతిలో సగం చుట్టిన బీడీ విప్పుకుంది. తంబాకు ఒళ్ళో రాలింది.

"కాదు," అంది. మళ్ళీ అంది, "కాదు. నాకు పాత మందు దొరికిందని కాకా మస్తు బాధవడ్డడు. నీ నసీబ్ సుశీలా, నీ తర్వాతోళ్ళకు కొత్త మందొచ్చింది, జుట్టు రాలది, తక్లీఫ్ ఉండదు అన్నడు. గల్లీల ఆడోళ్ళు నన్ను జూసి అయ్యో అనేటోళ్ళు. నేను గూడ అనుకున్న, జర ఆగి ఉంటె బాగుండని."

"నీకు జుట్టెందుకు రాలిందో ఎర్కేనా అక్కా?"

ఆమె తల మీద చెయ్యి పెట్టుకుంది. జవాబు ఆ చేతి కింద ఉంది.

నితిన్ జేబులో ఫోన్ మోగింది. మంగళ. నితిన్ స్పీకర్ పెట్టాడు. ఆమె గబగబా చెప్పింది. మందు తేవడానికి తాను కిందికి వెళ్ళింది, డాక్టరమ్మ పక్క వార్డులోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సారిక కుర్చీ ఖాళీ. పక్క కుర్చీ ముసలామె చెప్పిందట, ఆ పిల్ల ఎవరికో ఫోన్ చేసి, కాకా, నీ మీద చెడుగ మాట్లాడుతున్నరు, జర జాగ్రత్త అన్నది. ఆ తర్వాత గేటు దగ్గరికి ఆటో వచ్చింది, అందులో ఎక్కి వెళ్ళిపోయింది.

నితిన్ భార్యకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. కట్ చేసింది.

"ఉపకారం చేసినోన్ని దొంగ అంటున్నరని పోయింది," అన్నాడు యాదగిరి. ఆమె మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. జడ పట్టుకున్న ఆ చేతులు చూసి కూడా కుర్చీ దగ్గర ఎవరినీ ఉంచకుండా వచ్చాడు.

సుశీల ఒళ్ళోని చాట పక్కన పెట్టింది. తంబాకు దులుపుకుని లేచింది.

"నంబర్ చెప్పు బిడ్డా," అని నితిన్‌ను అడిగింది. "నా ఫోన్ల నుంచి చేస్త."

నాలుగు మోతలకు సారిక ఎత్తింది. సుశీల ఫోన్‌ను ముగ్గురూ వినేలా పట్టుకుంది.

"సారికా, నేను సుశీలను. కీమో గదిల తొలినాడు నా గుండు జూసి నువ్వు ఏడ్సినవ్. యాదికున్ననా?"

"ఉన్నవ్ అక్కా."

"నేను బత్కే ఉన్న బిడ్డా. కక్కుకున్న, కాళ్ళు తిమ్మిరెక్కినయ్, దువ్వెనకు కుచ్చులు కుచ్చులు జుట్టొచ్చింది. నాలోపలికి మందు వోయింది, గందుకు గట్లయింది. నేను పసుపు వెట్టి దండం వెట్టిచ్చిన సీసలల్ల నీళ్ళు వోసి నీకిచ్చిండు. దేవుని గూట్ల నీ సీస గుర్తు ఇప్పుడే నా కండ్లతోని జూసిన. నేను కాకాకు చేతులెత్తి మొక్కినదాన్ని. నా కంటె ఎక్కువ నువ్వు మొక్కలే. నేనే చెప్తున్న, లేసి రా."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దాని వెనక ఆడవాళ్ళ నవ్వులు.

"ఏడున్నవ్ బిడ్డా?"

"కుంభారిల." సారిక గొంతు బాగా తగ్గింది. "కొత్త ఇండ్లల్ల. నంబర్ జూడలే అక్కా, మెట్ల పక్కన పచ్చ నీళ్ళ ట్యాంకి ఉన్నది."

యాదగిరి తన ఫోన్ తీసి భరత్‌కు కలిపాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కుంభారి, కొత్త ఇళ్ళు, మెట్ల పక్కన పచ్చ ట్యాంకు. భరత్ వాదించలేదు. రాజారాం ఆరా తీస్తూ తాను ఆ వైపే ఉన్నానన్నాడు. పోలీసులకు తానే చెప్తానన్నాడు. యాదగిరి మనస్ఫూర్తిగా, మేలు చేశావన్నాడు. భరత్ "టైమడిగి తప్పు చేసిన అన్నా," అన్నాడు.

నితిన్ బండి స్టార్ట్ చేశాడు. సుశీల చెయ్యి అడ్డం పెట్టి ఆపమంది. సారిక ఇంకా మాట్లాడుతోంది.

"నీకు సూది వెట్టిండా బిడ్డా?"

"లే. ఇంకా నా వంతు రాలే." ఊపిరి వినిపించింది. "నేనొక్కదాన్నే కాదక్కా. గది నిండ ఆడోళ్ళే. చాపలేసి కూసుండవెట్టిండు. అందరికి సెలైన్లు ఎక్కుతున్నయ్. అందరు ముచ్చట్లు వెట్టుకుంట నవ్వుతున్నరు." గొంతు ఇంకా తగ్గించింది. "అక్కా, ఒక్కరికి గూడ జుట్టు రాలలే. అందరికి నా అసొంటి జడలే ఉన్నయ్."

సుశీల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం తొణకలేదు. ఫోన్ కట్ చెయ్యొద్దని, కొంగు కింద పెట్టుకుని ఏమీ తెలియనట్టు కూర్చోమని చెప్పింది. సారిక సరేనంది. బట్ట రాసుకున్న చప్పుడు వచ్చింది.

అవతలి గది ఇప్పుడు మరింత దగ్గరగా వినిపించింది. నెమ్మదైన, ప్రేమగల మగ గొంతు ఒకటి చాప చాప దగ్గరా ఆగుతోంది. నొప్పున్నదా తల్లీ అని అడుగుతోంది. లేదు కాకా అంటున్నారు. నీ కడుపు సల్లగుండ అని ఒకామె, మా పిల్లలు నీ పేరు జెప్పుకుని బత్కుతరు అని ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు దీవిస్తున్నారు. గొంతుల్ని బట్టి వాళ్ళెంతమందో పట్టుకోవాలని యాదగిరి చూశాడు. ఎనిమిది దాటాక అందలేదు.

అడుగులు దగ్గరికి వచ్చి ఆగాయి.

"నీ వంతొచ్చింది సారికా. చెయ్యి జాపు," అంది ఆ గొంతు, అంతే ప్రేమగా. "కొంగు కింద గా వెల్గుతున్నదేంది బిడ్డా?"